లిబర్టీ అవెన్యూ మీద ఒక గయానా వంటిల్లు

న్యూయార్క్ నగరపు ఏ-రైలు మార్గంలో ఒక శాఖ క్వీన్స్‌లోని లెఫర్ట్స్ బులవార్డ్ స్టేషన్ దగ్గర ముగుస్తుంది. చివరి కొన్ని స్టేషన్ల మేర ఆ రైలు వీధికి పైన, ఇనుప స్తంభాల మీద కట్టిన వంతెనపై నడుస్తుంది. ఆ వంతెన నీడలో సాగే వీధి పేరు లిబర్టీ అవెన్యూ. రిచ్‌మండ్ హిల్ అనే ఈ పేటలో గయానా, ట్రినిడాడ్ దేశాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఎక్కువ. అందువల్లనే 2021లో ఈ వీధికి లిటిల్ గయానా అవెన్యూ అన్న మరొక పేరును కూడా అధికారికంగా ఇచ్చారు. చీరల దుకాణాలు, పూజాసామగ్రి అంగళ్లు, బంగారం కొట్లు, బేకరీలు, రోటీ షాపులు వరుసగా ఉండే ఈ వీధిలో నేను తరచుగా భోజనం చేసే చిన్న హోటల్ ఒకటి ఉంది. దాని యజమానురాలు గయానాలోని బెర్బీస్ ప్రాంతం నుండి వచ్చిన పెద్దావిడ. పేటలో అందరిలాగే నేనూ ఆవిడను ఆంటీ అనే పిలుస్తాను. హోటల్ పేరు మాత్రం రాయవద్దని ఆవిడే కోరారు. శనివారాల్లో వరుస ఇప్పటికే తలుపు దాటి బయటికి వస్తున్నదనీ, ఇంకా జనం వస్తే తాను వండే తీరు మార్చుకోవలసి వస్తుందనీ ఆవిడ భయం. ఆ భయం న్యాయమైనదే కనుక పేరు రాయకుండా, అక్కడి వంట గురించి మాత్రమే రాస్తున్నాను.

గయానా దక్షిణ అమెరికా ఖండపు ఉత్తర తీరాన ఉన్న దేశం. అయినా చరిత్ర రీత్యా, భాష రీత్యా, ఆటపాటల రీత్యా అది కరీబియన్ దేశమే. కరీబియన్ దేశాల కూటమి అయిన కారికామ్ సచివాలయం ఉన్నది కూడా గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లోనే. మన తెలుగువారిలో చాలామందికి ఆ దేశం పేరు క్రికెట్ వల్ల తెలుసు. లాయిడ్, కన్హాయ్, చందర్‌పాల్ అక్కడివారే. అక్కడివారు ఏమి తింటారో తెలిసినవారు మాత్రం మనలో తక్కువ. నేను ఈ పేటకు ఇల్లు మారకపోతే నాకూ తెలిసేది కాదు.

ఆంటీ హోటల్‌లో అచ్చువేసిన మెనూ ఉండదు. ఆ రోజు పొయ్యి మీదకు ఎక్కినవి ఏమిటో గోడకు తగిలించిన పలక మీద రాసి ఉంటుంది. గిన్నె ఖాళీ కాగానే ఆ పేరు తుడిచేస్తారు. గాజు అరల వెనుక ఆవిరి మీద ఉంచిన పళ్లేలలో గుమ్మడికాయ కూర, ఆలూ శనగల కూర, పొడవాటి చిక్కుడుకాయల వేపుడు, కోడికూర, మేక మాంసం, ఆకుకూర కనిపిస్తాయి. అన్నమా రోటీయా అని అడిగి, రోటీ అంటే ఏ రోటీ అని మళ్లీ అడుగుతారు. కారం తగ్గించమన్నా, కొబ్బరిపాలు వద్దన్నా ఆవిడ ఒప్పుకోరు. ఇంట్లో ఏది వండితే అదే అందరూ తినాలన్న పద్ధతి ఇక్కడా నడుస్తుంది. ఈ నగరంలో ఎన్నో దేశాల వంటలు దొరుకుతాయి కానీ, వాటిలో చాలా వరకు కొనేవారి నాలుకకు అనుగుణంగా మారిపోయినవే. ఆంటీ తన కూతుళ్లకు వండినట్టే వీధివారికీ వండుతారు. ఈ హోటల్ మీద నాకు ఇంత అభిమానం కలగడానికి మొదటి కారణం అదే.

ఇక్కడి వంటల్లో నేను అన్నిటికంటే ఇష్టపడేది దాల్‌పూరీ. పేరు చూసి దీనిని నూనెలో వేయించే పూరీ అనుకోవద్దు. పసుపుపచ్చని బఠాణీ పప్పును వేలితో నొక్కితే విరిగేంత వరకు మాత్రమే ఉడికించి, నీరంతా వార్చి, బట్ట మీద ఆరబెట్టి, వేయించిన జీలకర్ర, వెల్లుల్లి, కారపు కాయలతో కలిపి పొడిపొడిగా మరపట్టిస్తారు. తడి మిగిలితే రోటీ పగిలిపోతుంది. పప్పు మరీ పలుకుగా ఉంటే మైదాను చీల్చుకొని బయటికి వస్తుంది. ఈ రెండింటి మధ్యనున్న అదను చేతికి తెలియాలి తప్ప కొలతలతో చెప్పలేమని ఆంటీ అంటారు. మన బొబ్బట్టులో పూర్ణం పెట్టినట్టుగానే మెత్తని మైదా ఉండలో ఈ పొడిని కూరి, మూతి మూసి, కొంతసేపు నాననిచ్చి, తరువాత పెనమంత వెడల్పున, వెలుతురుకు పట్టుకుంటే పప్పు రేణువులు కనిపించేంత పలుచగా ఒత్తుతారు. ఆ వెడల్పు రోటీని రెండు చేతుల మీదుగా ఎత్తి ఇనుప పెనం మీద వేసి, కుంచెతో నూనె రాసి, తిరగేస్తారు. నిమిషం తిరగకుండానే అది ఉబ్బి, అంచుల నుండి ఆవిరి చిమ్ముతుంది. మడిచి బట్టలో చుట్టి ఉంచితే మధ్యాహ్నం దాకా మెత్తగానే ఉంటుంది. ముక్క తుంచినప్పుడు లోపలి పప్పు కొద్దిగా రాలుతుంది. ఆ రాలినదాన్ని కూర పులుసులో అద్దుకొని తినడం కోసమే కొందరు మరో చెంచా పులుసు అడిగి వేయించుకుంటారు.

రెండో రకం రోటీని ఇక్కడ ఆయిల్ రోటీ అంటారు. పిండిని ఒత్తి, నూనె రాసి, ఒక చోట కోసి గరాటులా చుట్టి, మళ్లీ ఉండ చేసి ఒత్తడం వల్ల లోపల పొరలు ఏర్పడతాయి. పెనం మీద కాలగానే దాన్ని వేడివేడిగా గాలిలోకి ఎగరేసి రెండు అరచేతుల మధ్య చరుస్తారు. అలా కొన్ని సార్లు చరిస్తే పొరలు విడిపోయి, పట్టుబట్టలా కుప్పగా పళ్లెంలో పడుతుంది. ట్రినిడాడ్‌వారు ఇదే రోటీని పెనం మీదనే చెక్క గరిటెలతో చీల్చి, చిరిగిన చొక్కాలా ఉందని దానికి బస్ అప్ షట్ అని పేరు పెట్టుకున్నారు. ఆంటీ దగ్గర పనిచేసే యువతి రోటీ చరిచే చప్పుడు వీధిలో రైలు చప్పుడు ఆగినప్పుడల్లా వినిపిస్తూనే ఉంటుంది. చేతులు కాలవా అని నేను అడిగితే, కాలితేనే పొరలు విడిపోతాయని ఆమె జవాబు చెప్పింది.

ఈ వంట ఇలా ఎందుకు ఉందో తెలియాలంటే చెరకు తోటల చరిత్రలోకి కొంత వెళ్లాలి. బ్రిటిష్ గయానాలో బానిసత్వం పూర్తిగా ముగిసిన 1838వ సంవత్సరంలోనే, మే 5న, విట్బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు కలకత్తా నుండి కూలీలను తెచ్చి అక్కడ దించాయి. అయిదేళ్ల ఒప్పందాల మీద సాగిన ఈ వలస 1917 వరకు కొనసాగింది. ఆ కాలంలో దాదాపు 2,39,000 మంది భారతీయులు ఆ ఒక్క దేశానికే వెళ్లారు. ట్రినిడాడ్‌కు మొదటి ఓడ 1845 మే 30న చేరింది. ఎక్కువమంది భోజ్‌పురి మాట్లాడే జిల్లాల వారు కావడం వల్ల వంటింటి మాటలు ఆ భాషవే నిలిచాయి. తోటల దుకాణాల్లో కందిపప్పుకు బదులు బఠాణీ పప్పు దొరికింది, గోధుమపిండికి బదులు మైదా దొరికింది, రకరకాల మసాలా దినుసులకు బదులు డబ్బాలో పొడి దొరికింది. దొరికినవాటితో ఇల్లాళ్లు వండారు. అలా వండినది అయిదారు తరాల పాటు నలిగి, తన నియమాలు తానే ఏర్పరచుకొని, ఇప్పుడు మరెవరికీ చెందని వంటగా స్థిరపడింది.

ఈ మాటను నేను కొంచెం గట్టిగానే చెప్పదలచుకున్నాను. న్యూజెర్సీ నుండి, మన దేశం నుండి వచ్చే తెలుగు మిత్రులను ఇక్కడికి తీసుకువస్తే వారిలో చాలామంది మొదటి ముద్దకే ఇది మన కూరే, కాకపోతే మసాలా తగ్గింది అని తీర్పు చెబుతారు. ఆ తీర్పు తప్పు. ఆంటీ మేక మాంసం వండే పద్ధతిని మొదటి నుండి చివరి దాకా చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ముక్కలను ముందురోజు రాత్రే ఉల్లికాడలు, థైమ్ అనే పరిమళపు ఆకు, వెల్లుల్లి, పచ్చికారపు కాయలు నూరిన ముద్దలో ఊరవేస్తారు. మరునాడు కూరపొడిని, వేయించి దంచిన మసాలాను కొద్ది నీళ్లలో చిక్కగా కలిపి, మరిగే నూనెలో వేసి, అడుగంటబోయే దాకా వేయిస్తారు. పచ్చివాసన పోయి రంగు ముదిరిన తరువాతే మాంసం వేస్తారు. మాంసంలో ఊరిన నీరు మొత్తం ఇంకిపోయి, ముక్కకు మసాలా అంటుకొని, నూనె విడివడే వరకు నీటి చుక్క పోయరు. ఈ దశకు బుంజాల్ అని పేరు. కొందరు కూరను అక్కడే దించేస్తారు. పులుసు కావాలంటే అప్పుడు వేడినీళ్లు పోసి సన్నని సెగ మీద ఉడికిస్తారు. ఇందులో టమాటా లేదు, పెరుగు లేదు, జీడిపప్పు ముద్ద లేదు, కరివేపాకు కూడా లేదు. థైమ్ పరిమళం, వేగిన జీలకర్ర ఘాటు, మాంసపు రుచి మాత్రం ఉన్నాయి. మన కూరతో పోల్చి ఏమి తగ్గిందో వెతికేవారికి ఈ మూడూ అందవు. రెండోసారి, మూడోసారి తిన్న తరువాత నా మిత్రులు కొందరు తమంతట తామే వచ్చి పార్సిల్ కట్టించుకొని పోతున్నారు.

పప్పు సంగతి వేరుగా చెప్పాలి. బఠాణీ పప్పును పసుపు, వెల్లుల్లితో మెత్తగా ఉడికించి, ఆంటీ తన అత్తగారి నుండి వచ్చిన చెక్క పప్పుగుత్తితో రెండు అరచేతుల మధ్య తిప్పి మెదుపుతారు. దాన్ని వారు దాల్ గుట్నీ అంటారు. ఆ గుత్తి తల అరిగిపోయి సగం అయింది. చివర గరిటెలో నూనె కాచి, జీలకర్ర, వెల్లుల్లి రేకలు దాదాపు నల్లబడే వరకు మాడ్చి, గరిటెను అలాగే పప్పులో ముంచి మూత పెడతారు. మన ఇళ్లలో వెల్లుల్లి అంతగా మాడితే తాలింపు పాడైనట్టే. అక్కడ ఆ చిరుచేదే పప్పుకు ప్రాణం. పప్పు పలుచగా ఉంటుంది కనుక చాలామంది గ్లాసులో పోయించుకొని తాగుతారు.

ఈ మామూలు పప్పు ఒకప్పుడు ఆ దేశంలో నిషేధానికి గురైంది. 1966లో స్వతంత్రమైన గయానాలో, 1980ల ఆరంభంలో, విదేశీ మారకద్రవ్యం కరువై, ఫోర్బ్స్ బర్నమ్ ప్రభుత్వం గోధుమపిండి, బఠాణీ పప్పు వంటి దిగుమతులను ఆపివేసింది. దేశంలో పండే బియ్యాన్నే వాడుకోవాలని ప్రజలకు చెప్పింది. ఆంటీ అప్పుడు బడికి పోయే పిల్ల. వాళ్లమ్మ బియ్యప్పిండితో రోటీ చేసేవారనీ, అది విరగకుండా ఉండటానికి పిండిని వేడినీళ్లతో కలిపేవారనీ, సరిహద్దు నది దాటి సురినామ్ నుండి దొంగచాటుగా వచ్చిన మైదా దొరికితే కిటికీ మూసి వండేవారనీ ఆవిడ చెప్పారు. రోటీ వాసన వీధిలోకి పోతే ఎవరైనా పట్టిస్తారేమోనన్న భయం ఉండేదట. ఆ రోజుల్లో, ఆ తరువాత, లక్షల మంది గయానా విడిచి న్యూయార్క్, టొరంటో, లండన్ నగరాలకు వెళ్లిపోయారు. ఆవిడ హోటల్‌లో మైదా బస్తాలను వెనుక గదిలో దాచకుండా, అందరికీ కనిపించేట్టు ముందే పేర్చి ఉంచుతారు. దానికి ఆవిడ కారణం చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంతవరకు రాసినది చదివి ఇది భారతీయుల వంట మాత్రమేనని అనుకుంటే పొరపాటు. శనివారం పలక మీద మొదటి పేరు కుక్-అప్ రైస్. అలసందలను ఉడికించి, అందులోనే బియ్యం, కొబ్బరిపాలు, థైమ్, ఉల్లి, ఉప్పువేసి నిలవచేసిన మాంసం, కోడిముక్కలు వేసి ఒకే గిన్నెలో దగ్గరపడేదాకా వండే ఈ అన్నం ఆఫ్రికా సంతతి వారి వంటింటి నుండి వచ్చినది. గయానాలో కొత్త సంవత్సరం ముందు రాత్రి ప్రతి ఇంటా ఇది ఉండాలి. కర్రపెండలం, చేమదుంప, అరటికాయలను కొబ్బరిపాలలో ఉడికించి పైన పిండి ఉండలు పెట్టి మగ్గించే మెటెంజీ కూడా వారిదే. క్రిస్మస్ ఉదయం తినే పెప్పర్‌పాట్ ఇంకా పాతది. అది ఆ నేల మీద మొదటి నుండి ఉన్న ఆదివాసుల వంట. చేదు కర్రపెండలంలో విషముంటుంది కనుక, దుంపను తురిమి, రసం పిండి, ఆ రసాన్ని గంటల తరబడి కాచి విషం పోగొట్టి, నల్లని పాకంగా చేస్తారు. దాని పేరు కసరీప్. ఆ పాకంలో దాల్చినచెక్క, లవంగం, కారపు కాయలతో గొడ్డుమాంసం ఉడికించి, రోజూ ఒకసారి మరిగిస్తూ రోజుల తరబడి నిలవ ఉంచుతారు. మాంసం పాడుకాకుండా చూసేది ఆ పాకమే. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లుల మధ్య పెరిగిన నాకు కర్రపెండలంతో ఇటువంటి పని కూడా చేయవచ్చని తెలిసి ఆశ్చర్యం కలిగింది. చైనా నుండి వచ్చిన కూలీల చౌమీన్, మదీరా ద్వీపం నుండి వచ్చిన పోర్చుగీసువారి వెల్లుల్లి పంది మాంసం కూడా ఈ దేశపు వంటలే. ఒకే ఇంట్లో ఒక పూట దాల్‌పూరీ, మరో పూట కుక్-అప్ తినడం వారికి సహజం. ఆంటీ రెండింటినీ ఒకే శ్రద్ధతో వండుతారు.

శాకాహారులైన మిత్రులు వచ్చినప్పుడు నేను సెవెన్ కర్రీ దొరికే రోజు చూసి పిలుస్తాను. గయానాలో హిందువుల పెళ్లిళ్లలో, పూజల్లో ఏడు రకాల కూరలను కలువజాతి మొక్క వెడల్పాటి ఆకులో అన్నంతో వడ్డిస్తారు. గుమ్మడికాయ, ఆలూ శనగలు, చేమదుంప, పచ్చి మామిడి, ఆకుకూర, వంకాయ, కతహర్ అనే పనస జాతి కాయ సాధారణంగా అందులో ఉంటాయి. ఇక్కడ ఆ ఆకు ఎప్పుడూ దొరకదు కనుక డబ్బాలోనే ఇస్తారు. కానీ కూరలను గడులుగా విడదీయకుండా, అన్నం మీద ఒకదాని పక్కన ఒకటి ఆనించి వేస్తారు, వాటి అంచులు కలవడమే ఆ భోజనపు రుచి కనుక. మామిడికాయ కూరను టెంకతో సహా వండి, బెల్లపు రంగు చక్కెర వేసి, మసాలా దట్టించి, తీపి, పులుపు, కారం మూడూ సమంగా నిలబెడతారు. నా దృష్టిలో ఏడింటిలో అదే గొప్పది. గుమ్మడికాయ కూర రెండోది.

కారం గురించి ఒక హెచ్చరిక. గయానావారు వాడే వీరీ వీరీ కాయ చెర్రీ పండంత గుండ్రంగా, ఎర్రగా, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. గుంటూరు కారం తిన్నవాళ్లమని ధైర్యపడి సీసాలోని కారపు సాస్‌ను చెంచాతో వేసుకోకండి. మన ఎండుమిరప ఘాటు నాలుక మీద మొదలై అక్కడే ఉంటుంది. ఈ కాయ ముందు పండు వాసన చూపి, ఆ తరువాత గొంతులో నిలుస్తుంది. రెండు చుక్కలు చాలు.

తాగడానికి చెట్టు బెరడుతో కాచిన చేదు తీపి మాబీ ఉంటుంది. నాకు అది ఇంకా అలవాటు కాలేదు. డిసెంబరులో సోరెల్ వస్తుంది. మన ఎర్ర గోంగూర జాతి మొక్కకే కాసే ఎర్రని కాయల తొడుగులను అల్లం, లవంగాలు వేసి మరిగించి, చక్కెర కలిపి చల్లార్చిన పానీయం అది. ఆకును వారు పెద్దగా పట్టించుకోరు, మనం ఆ తొడుగులను పట్టించుకోము. నేను ఒకసారి ఇంట్లో చేసిన గోంగూర పచ్చడి ఆంటీకి ఇచ్చాను. ఆవిడ దాన్ని దాల్‌పూరీలో రాసుకొని తిని, ఇంకొంచెం నూనె, ఇంకొంచెం వెల్లుల్లి పడాలని చెప్పారు.

వలస వెళ్లినవారిలో మద్రాసు రేవు నుండి ఓడ ఎక్కినవారు కొద్దిమందే కానీ, వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. గయానాలో వారి వారసులను నేటికీ మద్రాసీలు అంటారు. వీరాసామి, మునుసామి వంటి ఇంటిపేర్లు ఇక్కడి దుకాణాల బోర్డుల మీద కనిపిస్తాయి. మారియమ్మను కొలిచే గుడులు బెర్బీస్‌లోనూ, ఇక్కడ క్వీన్స్‌లోనూ ఉన్నాయి. ఆ పూజల్లో వాయించే ‘తప్పు’ అనే వాయిద్యం మన డప్పు వంటిదే. ఆంటీ తండ్రి వైపువారు మద్రాసీలు. ఏ ఊరి నుండి వచ్చారో, ఏ భాష మాట్లాడేవారో ఆవిడకు తెలియదు. నేను తెలుగులో అంకెలు చెబుతుంటే ఆవిడ శ్రద్ధగా వింటారు కానీ, వాటిలో ఏ ఒక్కటీ గుర్తుపట్టలేదు. మాకు ఆ విధమైన బంధుత్వం కలుపుకోవాలన్న తొందర కూడా లేదు. నన్ను బేటా అని పిలిచి, చేపల కూర మిగిలితే ఒక గిన్నె పక్కన పెట్టే ఆవిడకు నేను ఏ ఊరివాడినైనా ఒకటే.

ఈ పేటకు వచ్చే ఆలోచన ఉన్నవారికి నా సలహా ఇది. లెఫర్ట్స్ బులవార్డ్‌లో రైలు దిగి, శనివారం పదకొండు గంటలలోపు లిబర్టీ అవెన్యూ మీదకు రండి. మధ్యాహ్నం దాటితే దాల్‌పూరీలు ఉండవు. ముద్రించిన మెనూ లేని, గోడ మీద పలక ఉన్న రోటీ షాపు ఏది కనిపించినా లోపలికి వెళ్లవచ్చు. ఆంటీదే కానక్కరలేదు, ఈ వీధిలో ఆవిడలా వండేవారు ఇంకా ఉన్నారు. మొదటిసారి దాల్‌పూరీ, మేక మాంసం లేదా గుమ్మడికాయ కూర, గ్లాసుడు పప్పు అడగండి. చెంచా అడగవద్దు. ఇంటికి పట్టుకుపోవడానికి అనాస పాకం నింపిన మూడు కోణాల పైన్ టార్ట్‌లు కట్టించుకోండి. క్రిస్మస్‌కు పెప్పర్‌పాట్ కావాలనుకుంటే మాత్రం డిసెంబరు మొదటి వారంలోనే చెప్పి, మీ గిన్నె మీరే తెచ్చి ఇవ్వాలి. ఆంటీ దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఇవ్వరు.